ఆచార్య ఎస్తర్ థెలెన్ స్మరణలో ఏమి చెప్పాలి?

ప్రశ్న (శ్రీకాకుళం, ఫిజియోథెరపీ విద్యార్థిని): పసిపిల్లల కదలికలను జీవితాంతం పరిశోధించి, 2004 డిసెంబరు 29న కన్నుమూసిన ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు ఎస్తర్ థెలెన్‌ను మా తరగతిలో స్మరించుకోవాలనుకుంటున్నాము. పెద్దలు ఏది ముందు చెప్పమంటారు?

జవాబు (విజయనగరం): నీటి ప్రయోగమేనమ్మా. నిలబెట్టి పట్టుకుంటే అడుగులు వేసే శిశువు రెండు నెలలకల్లా మానేయడం కేవలం మెదడు ఎదుగుదల వల్లనేనని ఎక్కువమంది భావిస్తున్న రోజుల్లో, కాళ్లను నీటిలో ఉంచగానే అడుగులు పెరగడాన్ని 1984లో ప్రచురించి, కండ బలాన్ని మించి కొవ్వు పెరిగి కాళ్లు బరువెక్కడమూ కారణమని ఆమె చూపారు. ఎంత సరళమైన ఆలోచన!

జవాబు (ఆమదాలవలస, అంగన్‌వాడీ కార్యకర్త): ఆలస్యంగా నడిచే బిడ్డ తల్లికి ధైర్యం చెప్పేటప్పుడు నాకు ఆమె మాటే ఆధారం. నడకను మెదడొక్కటే కాక శరీరం, బరువు, నేల, సాధన కలిసి రూపొందిస్తాయన్నది తప్పక చెప్పండి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు మాస్టారూ, అమ్మా. నీటి ప్రయోగంతోనే మొదలుపెడతాము.