ఇంట్లో ఉంటూనే గోడ పని: దుమ్ము పక్క గదుల్లోకి రాకుండా ఎలా?

ప్రశ్న: ఒక గదిలో వైరింగ్ కోసం గోడలకి గాడులు కొట్టించి, తర్వాత లప్పం పెట్టి రుద్దించాలి. నాలుగైదు రోజుల పని. ఇల్లు ఖాళీ చేసే వీల్లేదు, పక్క గదిలో ఆస్తమా ఉన్న పెద్దావిడ ఉంటారు. తలుపు మూసి కింద తడిగుడ్డ పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ముతక దుమ్ము అక్కడే రాలిపోతుంది. ఇబ్బందంతా 10 మైక్రాన్ల లోపు పొడితోనే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అది గంటల తరబడి తేలుతూ గాలి ఎటు పోతే అటు పోతుంది. అందుకని గాలి ఎటు పారాలో ముందు చూసుకోండి. పని గది కిటికీలో ఫ్యాన్‌ని బయటికి ఊదేలా పెట్టి, చుట్టూ మిగిలిన ఖాళీని అట్టతో, టేపుతో మూసేయండి. ఆ గదిలో ఇంకో కిటికీ తెరవొద్దు. తెరిస్తే ఫ్యాన్ ఆ గాలినే లాక్కుంటుంది, ఇంటి వైపు నుంచి లాగదు. సీలింగ్ ఫ్యాన్, ఏసీ ఆపేసి, ఏసీకి కవరు చుట్టండి.

గుమ్మానికి 100 మైక్రాన్ల మందం ప్లాస్టిక్ షీట్లు రెండు కావాలి. ఒకటి పైన, ఎడమ పక్కన అంటించండి. రెండోది పైన, కుడి పక్కన. మధ్యలో అడుగున్నర మేర ఒకదాని మీదికి ఒకటి రావాలి. కింద అరడుగు నేలమీదికి వదిలి, దాని మీద బరువు పెట్టండి. మనుషులు తిరిగే చోట బరువు తీసి మళ్ళీ పెట్టుకోవాలి. ఫ్యాన్ వేశాక షీటు పని గదిలోకి ఉబ్బితే సరిగ్గా ఉన్నట్టు. మీ వైపు ఉబ్బిందంటే వంటింట్లోనో బాత్‌రూమ్‌లోనో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందేమో, బయటి గాలి ఆ కిటికీకే ఎదురు కొడుతోందేమో చూడండి.

మరో జవాబు: పైన చెప్పింది పుట్టిన దుమ్ము సంగతి. అసలు పుట్టకుండా చూడటం ఇంకా ముఖ్యం. గ్రైండర్ బ్లేడుకి తొడుగు బిగించి, దానికి వాక్యూమ్ గొట్టం తగిలించాలి. మామూలు వాక్యూమ్ సన్నపొడిని వెనక నుంచి మళ్ళీ గదిలోకే ఊదేస్తుంది. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడండి, లోపల సంచి తప్పనిసరి. సంచి లేకపోతే లప్పం పొడి ఫిల్టర్‌ని చూస్తుండగానే పూడ్చేస్తుంది. కరెంటు గ్రైండర్ నడుస్తుండగా నీళ్ళు చల్లించొద్దు, షాక్ కొడుతుంది. పనివాళ్ళకి ఎన్95 మాస్కులు ఇవ్వండి. సిమెంటు, ఇటుక పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తులకి చేసే చెడు మళ్ళీ బాగుపడదు, గుడ్డ కట్టుకుంటే అది ఆగదు. గాడులు కొట్టే రోజైనా పెద్దావిడని దూరపు గదికి మార్చండి.

ప్రశ్న అడిగినవారు: సాయంత్రం పని ఆగాక వెంటనే ఊడ్చేయొచ్చా?

జవాబు: చీపురు పట్టొద్దండీ, కూర్చున్న పొడి మళ్ళీ లేస్తుంది. ఫ్యాన్ అలాగే వదిలి కనీసం గంట ఆగండి. తర్వాత వాక్యూమ్, ఆపైన తడిగుడ్డ, పైనుంచి కిందికి. ఆ బకెట్ నీళ్ళు సింకులో పోయొద్దు. సిమెంటు, లప్పం అడుగున పేరుకుని గొట్టంలో గట్టిపడతాయి. బకెట్‌ని రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేట పారబోసి, అడుగు మడ్డిని చెత్తలో వేయండి.