జేఆర్-6: స్టాండర్డ్ సరిగ్గానే చూపిస్తోంది, కోర్లు మాత్రం 11 శాతం ఎక్కువ

కోర్‌కట్టర్:
మా జేఆర్-6 స్పిన్నర్‌ను (రాతి ముక్కను తిప్పుతూ దాని అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం) దానితో వచ్చిన స్టాండర్డ్‌తో (బలం ముందే తెలిసిన అయస్కాంత నమూనా) రోజూ కాలిబ్రేట్ చేస్తున్నాం. గెయిన్‌లో (సిగ్నల్‌ను రీడింగ్‌గా మార్చే గుణకం) 1 శాతం తేడా కూడా రావట్లేదు. అయినా రాజమండ్రి బసాల్ట్ కోర్లను (రాతి నుంచి తొలిచిన స్తంభాకార ముక్కలు; వ్యాసం 2.54 సెం.మీ., పొడవు 2.2 సెం.మీ.) వేరే ల్యాబ్‌లో కొలిపిస్తే, మా అంకెలే 11–12 శాతం ఎక్కువ. అయస్కాంతత్వ దిశలు 1 డిగ్రీ లోపే కలుస్తున్నాయి. సున్నపురాయి కోర్లకైతే దిశలు కూడా చెదిరిపోతున్నాయి. స్టాండర్డ్ పాడైందంటారా?

శిలాసూచి:
ముందు వాల్యూమ్ సెట్టింగ్ చూడండి. 10 ఘ.సెం.మీ. అని ఉండి ఉంటుంది. మీ కోర్‌ది 3.1416 × 1.27 × 1.27 × 2.2, అంటే 11.15. మెషీన్ పట్టుకునేది మూమెంట్‌ని, అంటే కోర్ మొత్తం అయస్కాంత బలాన్ని. దాన్ని మీరిచ్చిన వాల్యూమ్‌తో భాగించి ఆంపియర్/మీటర్ చూపిస్తుంది. 11.15ని 10తో భాగిస్తే 11.5 శాతం ఎక్కువ, మీ తేడా అదే. మూడు అక్షాలూ ఒకే నిష్పత్తిలో పెరిగాయి కాబట్టే దిశ కదల్లేదు. అరిగిన కోర్లుంటే ఒక్కోదాని పొడవూ కొలిచి వేయాల్సిందే.

మ్యూమెటల్:
అదే అయ్యుండొచ్చు గానీ, స్టాండర్డ్‌కు అప్పుడే క్లీన్ చిట్ ఇవ్వకండి. స్టాండర్డ్ బలం తగ్గిపోయి, దానికి పాత విలువే ఎంటర్ చేస్తుంటే, మెషీన్ గెయిన్ పెంచేసుకుంటుంది. అప్పుడూ కోర్లన్నీ ఎక్కువే చూపిస్తాయి, దిశలూ కలుస్తాయి. అచ్చం ఇవే లక్షణాలు! రోజూ అదే స్టాండర్డ్‌తో చూస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. పాత లాగ్‌బుక్‌లో గెయిన్ ఏ తేదీనైనా ఒక్కసారిగా ఎగిరిందేమో వెతకండి. స్టాండర్డ్‌ను పల్స్ మాగ్నెటైజర్ (నమూనాలను బలమైన క్షేత్రంతో అయస్కాంతీకరించేది) పక్కన పెట్టినా, పొరపాటున అది ఏఎఫ్ కాయిల్‌లోకి (అయస్కాంతత్వాన్ని తుడిచేసేది) వెళ్లినా అంతే సంగతులు. తేల్చుకోవాలంటే స్టాండర్డ్‌ను ఆ రెండో ల్యాబ్‌కే తీసుకెళ్లి అక్కడ కొలిపించండి. పోల్చేటప్పుడు ఆంపియర్/మీటర్ వద్దు, మూమెంట్‌నే పోల్చండి, వాల్యూమ్ గొడవ ఉండదు. ఇకమీదట రెండు స్టాండర్డ్‌లు ఉంచుకోండి: ఒకటి రోజువారీకి, రెండోది మ్యూమెటల్ (బయటి అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మిశ్రలోహం) డబ్బాలో.

టేపుముక్క:
సున్నపురాయి సంగతి వేరు. అవి 10⁻⁴ ఆంపియర్/మీటర్ స్థాయిలో ఉంటే, వాటికంటే వేల రెట్లు బలమైన స్టాండర్డ్ కింది స్థాయి గురించి ఏమీ చెప్పదు. అక్కడ ఇబ్బంది పెట్టేది కోర్‌ను పట్టుకునే హోల్డర్. కోత యంత్రం నుంచి వచ్చే ఇనుప పొడి, వేళ్ల మురికి చాలు. ఆల్కహాల్‌తో తుడిచి, ఖాళీ హోల్డర్‌ను కొలిచి, ఆ కరెక్షన్‌ను తాజాగా సేవ్ చేయండి.
తర్వాత బలహీనమైన స్టాండర్డ్ ఒకటి మీరే చేసుకోండి. పాత క్యాసెట్ టేపులో మిల్లీమీటరు ముక్కను సెరామిక్ కత్తెరతో కోసి, అయస్కాంతీకరించి, కోర్ సైజు ప్లాస్టిక్ ముక్క సరిగ్గా మధ్యలో అతికించండి. ఖాళీ ప్లాస్టిక్‌ను ముందే కొలవాలి, అది కూడా శుభ్రంగా ఉందని అనుకోకూడదు. ఒకసారి కొలిచి, జెడ్ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. ఎక్స్, వై గుర్తులు మారి అవే అంకెలు రావాలి. రెండు ఎక్స్‌లనూ గుర్తుతో సహా కలిపి సగం చేస్తే మిగిలేది హోల్డర్‌దే. వై కూడా అంతే. జెడ్ కోసం ముక్కను తలకిందులుగా పెట్టాలి. ఆ మిగులు మీ సున్నపురాయి రీడింగ్‌లో పదో వంతు దాటితే, కోర్లు కొలవడం ఆపేసి హోల్డర్‌ను మళ్లీ కడగండి.