ప్రతి అప్‌గ్రేడ్ వెంటా పరుగెత్తాలా? పేజ్‌మేకర్ ఉన్న విండోస్ 10 సిస్టాల సంగతి

పుట_పేరు (ప్రశ్న)
డీటీపీ సెంటర్లో మూడు సిస్టాలు. రెండింట్లో 7వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. మూడోది 10వ తరం, పేజీలు కట్టే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ దాంట్లోనే. శుభలేఖలు, పాత పుస్తకాల రీప్రింట్లు అన్నీ అంతకంటే పాత లేఅవుట్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, అను అనే తెలుగు డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇన్‌డిజైన్‌కేమో ఏటా కొత్త వెర్షన్. వీటిలో ఏది వెంటనే వేసుకోవాలి, ఏది ఆపొచ్చు?

అక్షరశాల
అన్నిటినీ అప్‌డేట్ అనే పిలుస్తాం గానీ నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలు పూడ్చే సవరణ) వేరు, విండోస్ ఏడాదికోసారి ఇచ్చే ఫీచర్ అప్‌డేట్ వేరు, అప్లికేషన్ కొత్త వెర్షన్ వేరండీ.

ప్యాచ్ ఆపకూడదు. నెలలో రెండో మంగళవారం రాత్రి మనకు అందుతుంది. అందులో ఏదైనా తేడా ఉందేమో చూడటానికి ఓ వారం పాజ్‌లో పెట్టండి, అంతకు మించి వద్దు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ విరుచుకుపడేనాటికి ఆ లోపానికి ప్యాచ్ వచ్చి రెండు నెలలైంది. దెబ్బతిన్నవి చాలావరకు అది వేయని విండోస్ 7 యంత్రాలే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

ఫీచర్ అప్‌డేట్‌కి తొందర లేదు. విండోస్ 11 హోమ్, ప్రోలలో ఒక్కో వెర్షన్‌కి 24 నెలల సపోర్ట్ ఉంటుంది కాబట్టి ఏడాది విడిచి ఏడాది వేసుకున్నా నడుస్తుంది. ప్రో అయితే గ్రూప్ పాలసీలో (విండోస్ నియమాలు మార్చే చోటు) టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్ ఇచ్చి అక్కడే నిలపొచ్చు. వేశాక బాగోలేదని వెనక్కి వెళ్లడానికి పది రోజులే గడువు, ఆ తర్వాత రికవరీలో ‘గో బ్యాక్’ పనిచేయదు. అందుకే ముహూర్తాలు లేని ఆషాఢంలో పెట్టుకోండి. ముందు క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తం ఇమేజ్ (నకలు) తీసి బయటి హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. ఫాంట్ల ఫోల్డర్ విడిగా కాపీ చేయండి.

రిజిస్ట్రీ_రెక్క
7వ తరం ఐ5 విండోస్ 11 జాబితాలో లేదు. ఇంటెల్‌లో 8వ తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలి. ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ టూల్‌తో ఈ తనిఖీ దాటించి ఎక్కించొచ్చు, వేగంగానే నడుస్తుంది. కొత్తవి కొనేముందు అది ప్రయత్నించండి.

అక్షరశాల
ఇంట్లో సిస్టానికైతే సరే, కస్టమర్ల ఫైళ్లుండే చోట నేను ఒప్పుకోను. అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఫీచర్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి. సంస్థలకు విండోస్ 10 మీదే ఈఎస్‌యూ (సపోర్ట్ ఆగాక ఇచ్చే పొడిగింపు) ప్యాచ్‌లు డబ్బుకి దొరుకుతాయి: సిస్టానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఏటా రెట్టింపు, మూడేళ్ల వరకు. మొదటి ఏడాది కట్టొచ్చు. రెండో ఏడాది 122 డాలర్లు పోసే బదులు ఆ డబ్బు 8వ తరం సెకండ్‌హ్యాండ్ సిస్టం మీద పెట్టడం మేలు.

లేఅవుట్_లోకం
పేజ్‌మేకర్ 7 విండోస్ 11లో సాధారణంగా నడుస్తుంది. తెరుచుకోకపోతే, సెట్టింగులు నిలవకపోతే ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ పెట్టండి. తన ఫైళ్లను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాసుకునే పాత పద్ధతి వల్ల ఆ చిక్కు. విండోస్ 11లో 32-బిట్ ఎడిషన్ లేదు, కాబట్టి 16-బిట్ ప్రోగ్రాములు, వాటి ఇన్‌స్టాలర్లు అసలు కదలవు. ఏదైనా సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ తాళం) ఉంటే దాని పాత డ్రైవర్‌ని విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ అడ్డుకోవచ్చు. ఏ డ్రైవర్ కుదరదో అక్కడే చూపిస్తుంది. ముందు కొత్త డ్రైవర్ వెతకండి, మెమరీ ఇంటిగ్రిటీని ఆఫ్ చేయడం ఆఖరి మాట.

పాత పుస్తకాల కోసం ఇంకో దారి వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ 7. 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ చాలు. నెట్‌వర్క్ అడాప్టర్‌ని ‘నాట్ అటాచ్డ్’లో ఉంచి, ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఇచ్చిపుచ్చుకోండి. పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటర్ భాష) ఫైల్ తీసి, బయట అడోబీ డిస్టిలర్‌లో పీడీఎఫ్ చేస్తే ప్రెస్సుకి పంపొచ్చు.

ఇన్‌డిజైన్‌లో అసలు జాగ్రత్త వేరే ఉంది. పేజ్‌మేకర్ ఫైళ్లను పాత సీఎస్6 వెర్షన్ వరకే తెరుస్తుంది, ఆ తర్వాతి సీసీ (క్రియేటివ్ క్లౌడ్) వెర్షన్లు తెరవవు. ఎక్కడైనా లైసెన్స్ ఉన్న సీఎస్6 ఉంటే దాన్ని తీసేయకండి. అడోబీ 2023 జనవరిలో టైప్ 1 అనే పాత రకం ఫాంట్లకు సపోర్ట్ ఆపేసింది కాబట్టి మీ ఫాంట్లలో ఆ రకం పీఎఫ్‌బీ ఫైళ్లున్నాయేమో చూసుకోండి, ట్రూటైప్ అయితే బాధ లేదు.

క్రియేటివ్ క్లౌడ్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్ చేయండి. కొత్త వెర్షన్ వేసేటప్పుడు పాతవి తొలగించే టిక్ తీసేయండి, లేకపోతే రెండూ పక్కపక్కన ఉండవు. సగం పేజీలు కట్టిన పుస్తకాన్ని కొత్త దాంట్లో తెరవొద్దు. లైన్లు జరిగితే పేజీ నంబర్లు, విషయసూచిక అన్నీ కదులుతాయి. సేవ్ చేశాక పాత వెర్షన్ ఆ ఫైల్‌ని నేరుగా తెరవదు, ఐడీఎంఎల్‌గా (పాత వెర్షన్లూ తెరవగల రూపం) ఎగుమతి చేసి ఇవ్వడం మేలు.

పుట_పేరు
మరి కొత్త పుస్తకాలు యూనికోడ్‌లో (ఫాంట్ మారినా అక్షరాలు చెడని పద్ధతి) మొదలుపెట్టాలంటే?

లేఅవుట్_లోకం
దానికైతే పేజ్‌మేకర్ వదలాల్సిందే, దానికి యూనికోడ్ తెలియదు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. ఒక్కో పేరాకి పెట్టకుండా పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే, జస్టిఫికేషన్ కింద పెట్టేయండి. ముందు ఒక అధ్యాయం కట్టి, క్ష్మ, స్త్ర లాంటి సంయుక్తాక్షరాలు మీరు ఎంచుకున్న ఫాంట్‌లో సరిగ్గా వస్తున్నాయో లేదో ప్రింట్ తీసి చూసుకోండి.