జెర్రిపోతు, నాగుపాము సయ్యాట అంటున్నారు, నిజమేనా?

నర్సంపేట మిర్చి:
నిన్న సాయంత్రం మా మిరప నారుమడి పక్కన ఒడ్డు మీద రెండు పాములు పెనవేసుకున్నాయి. నడుము ఎత్తు దాకా లేచి, దబ్బున కిందపడి, మళ్లీ లేచేవి. చాలాసేపు సాగింది. మా బామ్మర్ది వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇక చూస్కోండి. జెర్రిపోతు నాగుపాముతో జతకట్టిందని ఒకరు. వాటి మీద కొత్త తువ్వాల వేసి తెచ్చి బీరువాలో దాచుకుంటే కలిసొస్తుందని ఇంకొకరు. జత మీదున్న పాముల్ని చూస్తే పగబడతాయి, నెల రోజులు అటు పోవద్దని మరొకాయన. మరి నారుకు నీళ్లు ఎవరు పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి. వీడియో కింద పెడుతున్నా.

హన్మకొండ జువాలజీ:
వీడియో చూశాను. రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. అది సయ్యాట కాదు, కుస్తీ. దగ్గర్లో ఆడపాము ఉన్నప్పుడో, తన తావు అనుకున్న చోటికి ఇంకొకటి వచ్చినప్పుడో మగవి ఇట్లా తలపడతాయి. గమనించండి, ఎక్కడా కాటు లేదు. ఒకదాని తలను ఇంకొకటి కిందికి అదిమిపెట్టాలని చూస్తుంది. అందుకే అంత ఎత్తు లేస్తాయి: పైన ఉన్నదానిదే పట్టు. ఓడింది మెల్లగా జారుకుంటుంది.

నిజంగా జతకట్టేటప్పుడు ఇంత హంగామా ఉండదు. రెండూ నేల మీదే పడుకుని ఉంటాయి, తోకల దగ్గర మాత్రమే కలుస్తాయి. పత్రికల్లో 'పాముల సయ్యాట' అని వచ్చే ఫొటోల్లో చాలావరకు మగ జెర్రిపోతుల కొట్లాటే.

పరకాల పెద్దాయన:
నాగుపాములన్నీ ఆడవి, జెర్రిపోతులన్నీ మగవి అని మా తాత చెప్పేవాడు. ఊరు ఊరంతా అదే మాట. ఇన్నేళ్లూ అందరూ ఉత్తదే చెప్పారా సార్?

హన్మకొండ జువాలజీ:
ఉత్తదే అనను బాబాయ్, కంటికి కనిపించిందానికి తోచిన అర్థం చెప్పుకున్నారు. రెండూ ఎలుక బొరియల్లోనే దూరతాయి, రెండూ ఒకే పొలంలో తిరుగుతాయి. కానీ నాగుల్లో మగవీ ఉన్నాయి, ఆడవీ ఉన్నాయి. జెర్రిపోతుల్లోనూ అంతే. పైకి చూసి పోల్చడం కష్టం. మగదానికి తోక మొదలు కాస్త లావుగా ఉంటుంది, అదైనా పట్టి చూసేవాళ్లకే తెలుస్తుంది. ఈ రెండూ వేర్వేరు కుటుంబాలు, వాటికి సంకరం పుట్టదు. నాగు విషప్పాము, జెర్రిపోతుకు విషమే లేదు.

ఇంకో సంగతి. ఆడ నాగు డజను నుంచి ముప్పై దాకా గుడ్లు పెడుతుంది, పొదిగే దాదాపు రెండు నెలలూ వాటి దగ్గరే ఉంటుంది. పాముల్లో అందరు తల్లులూ అట్లా కాపలా ఉండరు.

వరంగల్ స్నేక్ కాల్:
నేను వాలంటీరుగా పాములు పడతాను. నాగుపాము వచ్చిందన్నా తొందరగా రా అని ఫోన్ వస్తే, సగం ఇళ్లలో తీరా చూస్తే జెర్రిపోతే. దాన్ని మూలకు తోస్తే మెడ ఉబ్బించి, గొంతులోంచి గుర్రుమంటుంది. చీకట్లో అది పడగలాగే కనిపిస్తుంది. వెలుతురుంటే పోల్చడం సులభం: పెద్ద కళ్లు, పెదవుల మీద నిలువు నల్ల గీతలు, ఆరేడు అడుగుల పొడవు. కరిస్తే రక్తం వస్తుంది, విషం మాత్రం ఎక్కదు. తోకతో కొడుతుంది, తోకలో విషం ఉందనే మాట కూడా ఉత్తదే.

నాకు అసలు టెన్షన్ కట్లపాముతోనే. దాన్నే పోలిన, విషం లేని పాము ఒకటుంది, వుల్ఫ్ స్నేక్ అంటారు. అది గోడలెక్కి కిటికీల్లోంచి వస్తుంది. దాని పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు పోను పోను మాసిపోతాయి. కట్లపాముకు తిరగేసి ఉంటుంది: తల దగ్గర నల్లగా నిగనిగలాడుతుంది, కాస్త వెనక నుంచి సన్నటి తెల్ల గీతలు జంటలుగా మొదలవుతాయి. ఇది చదివి ఎవరూ దగ్గరికెళ్లి గీతలు లెక్కబెట్టకండి దయచేసి.

ములుగు రోడ్ లక్ష్మి:
కట్లపాము సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా పక్కింటి పిన్ని చాప మీద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచింది. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. కాటు గుర్తు ఎంత వెతికినా కనబడలేదు. ఊళ్లో ఒకాయన మంత్రం వేస్తానని కూర్చున్నాడు. వాళ్ల కొడుకు వినకుండా ఆటోలో ఎక్కించుకుని పోయాడు. వెంటిలేటర్ మీద పెట్టి, మందు ఎక్కించి బతికించారు. ఆ పాము రాత్రిపూటే తిరుగుతుందట, కాటు నొప్పే తెలియదట. అప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ మంచాలు, దోమతెర అంచులు పరుపు కిందికి.

వరంగల్ స్నేక్ కాల్:
అక్కా, ఆ అబ్బాయి చేసిందే సరైన పని. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి, అందుకే వెంటిలేటర్. పింజర విషం రక్తం మీద పనిచేస్తుంది, గడ్డకట్టదు. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే, కాబట్టి పామును చంపి ఆసుపత్రికి పట్టుకుపోవాల్సిన పని లేదు. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, చేయో కాలో కదలకుండా చూసి తీసుకుపోండి.

యాసంగి వరి:
మాకు భయం పింజరతోనే. వరి కోతలప్పుడు గడ్డి మోపు కింద ఉంటుంది, కుక్కర్ విజిల్ లాగా బుస కొడుతుంది. బుస వినబడితే అదృష్టమే, అది ఎక్కడుందో తెలుస్తుంది. ఈ వానల్లో దాని పిల్లలే ఎక్కువ కనబడుతున్నాయి, ఎందుకో?

హన్మకొండ జువాలజీ:
రక్తపింజర గుడ్లు బయట పెట్టదు, కడుపులోనే పొదిగి పిల్లల్ని కంటుంది. ఒక్క ఈతకు ఇరవై, ముప్పై కూడా ఉంటాయి. అవి ఈ కాలంలోనే పుడతాయి, పుట్టగానే విషమూ కోరలూ సిద్ధం. దానికి తోడు వానకు బొరియల్లో నీళ్లు నిండుతాయి, కప్పలు పెరుగుతాయి. అందుకే పాములన్నీ పైకొస్తాయి. పాములు తమ ఒంటి వేడిని మనలాగా లోపల తయారుచేసుకోలేవు. రాత్రి తారు రోడ్డు ఇంకా వెచ్చగా ఉంటుంది కదా, దాని మీద పడుకుని బండ్ల కింద పడేది అందుకే.

ఏటూరునాగారం దారి:
మా వైపు పుట్టల మీద ఉడుములు తవ్వుతూ కనబడతాయి. పాములను వెతుకుతున్నాయా?

హన్మకొండ జువాలజీ:
దొరికితే వదలవు, పాము గుడ్లు వాటికి ఇష్టమే. కానీ ఆడ ఉడుము తన గుడ్లు పెట్టడానికి కూడా పుట్టను తవ్వుతుంది. చెదలు లోపల వేడినీ తేమనూ ఒకే తీరున ఉంచుతాయి. ఉడుమును పట్టినా, చంపినా 1972 వన్యప్రాణి చట్టం కింద గట్టి కేసు. మాంసం కోసం అడిగేవాళ్లుంటే ఈ ముక్క చెప్పండి.

మంథని గోదారి:
శివ్వారం మడుగులో మొసళ్లు చలికాలం నోరు తెరిచి ఎండకు పడుకుంటాయి. వాటి గుడ్లలో పిల్ల మగదో ఆడదో గూటి వేడిని బట్టి తేలుతుందట, నిజమా సార్?

హన్మకొండ జువాలజీ:
నిజమే. పాముల్లో అట్లా కాదు, తల్లిదండ్రుల జన్యువులే తేలుస్తాయి.

అడ్మిన్:
మొసళ్లకు వేరే చర్చ పెట్టండి. బాగుంటుంది, నేనూ వస్తా.

నర్సంపేట మిర్చి:
వీడియో మళ్లీ ఆపి ఆపి చూశాం. పడగ ఎక్కడా లేదు. తువ్వాల సలహా ఇచ్చినాయన మాత్రం ఒప్పుకోవడం లేదు, ఆయన ఇష్టం. ఒకటి మాత్రం ఒడ్డు బొరియలోనే ఉంటున్నట్టుంది. పట్టించి పంపించాలా?

వరంగల్ స్నేక్ కాల్:
వద్దన్నా. ఎలుకలు తింటుంది. దాన్ని తీసేస్తే ఆ బొరియ ఖాళీగా ఉండదు, వచ్చేది ఏ పాము అవుతుందో మన చేతిలో లేదు. పొద్దుగూకాక నీళ్లు పెట్టడానికి పోతే టార్చి, బూట్లు ఉండాలి, స్టార్టర్ డబ్బా మూత తీసేముందు కట్టెతో తట్టు. నారుమడి చుట్టూ నైలాన్ వల కట్టారా?

నర్సంపేట మిర్చి:
కట్టాం. కోళ్లు తవ్వి పోస్తున్నాయని.

వరంగల్ స్నేక్ కాల్:
కింది అంచు నేలకు ఆనకుండా జానెడు పైకి మడిచి కట్టు. కోళ్లు దూరితే ఆ జానెడుకు అడ్డంగా తాటి మట్టలు పెట్టు. లేకపోతే జెర్రిపోతు వలలో చిక్కుకుని గింజుకునే కొద్దీ దారం ఒంట్లోకి దిగుతుంది. చిక్కితే మీరు చేయి పెట్టకండి, ఫోన్ చేయండి, కత్తెర తెచ్చుకుంటా.

నర్సంపేట మిర్చి:
తాటి మట్టలు బావి దగ్గర ఉన్నాయి. పొద్దున కడతా.