బ్లీడింగ్ (బ్రేక్ పైపుల్లోని గాలి తీయడం) చేసినా బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంది, ఇంకెక్కడ చూడాలి?

ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న పాత కారండీ. పెడల్ స్పాంజిలా దిగుతోంది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకొస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిమిషం తొక్కిపట్టినా కిందికి జారదు, కాబట్టి ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ మీద నాకంత అనుమానం లేదు. రిజర్వాయర్‌లో ఆయిల్ మట్టమూ తగ్గలేదు.

అర లీటరు కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌తో వెనక ఎడమ చక్రం నుంచి మొదలెట్టి నాలుగూ బ్లీడ్ చేశాం, పైపులో బుడగలు ఆగాయి. ముందు చక్రాల్లో గాలి వదిలే నిపిళ్లు క్యాలిపర్ (డిస్కును పట్టే భాగం) పైభాగంలోనే ఉన్నాయి, అంటే ఎడమ కుడి క్యాలిపర్లు తారుమారు కాలేదు.

వెనక డ్రమ్ము విప్పితే బ్రేక్ షూకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ సరిచేసే అడ్జస్టర్ పళ్లు తుప్పుతో బిగుసుకున్నాయి. మన కోనసీమ వానల్లో కాలవగట్టు రోడ్లంటే తెలిసిందేగా! ఈ గ్యాపొక్కటే కారణమా, రబ్బరు హోసులు ఉబ్బుతున్నాయా? హోసు పాడవకుండా దాన్ని నొక్కి బిగించి చూసే పద్ధతి అమలాపురం, రాజోలు వైపు మెకానిక్ అన్నలెవరైనా చెప్పండి. పిల్లలు ఎక్కే బండి, తేలేదాకా బయటికి తీయను.