పార్కు స్థలంలో కమ్యూనిటీ హాలు: కౌన్సిల్ తీర్మానం సబబేనా? (చర్చా వేదికలో కలం పేర్లతో సాగిన చర్చ)

కాలువగట్టు

మాది కృష్ణా జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే చర్చ పార్టీల మీదకు పోతుంది. మా లేఅవుట్ పాతది. అందులో పార్కుకని వదిలిన స్థలంలో మూడో వంతు తీసుకుని కమ్యూనిటీ హాలు కట్టాలని పోయిన నెల కౌన్సిల్ తీర్మానం చేసింది. కింద హాలు, పైన గ్రంథాలయం. ముందుగా పంచిన అజెండాలో ఈ అంశమే లేదు. సమావేశం చివర్లో టేబుల్ అజెండాగా తెచ్చి, అందరూ కుర్చీల్లోంచి లేస్తుండగా ‘ఆమోదించడమైనది’ అనిపించేశారు. లేఅవుట్ వాళ్లం వద్దంటున్నాం. పక్క వీధుల వాళ్లు కావాలంటున్నారు. అసలు కౌన్సిల్‌కు ఆ హక్కు ఉందా? ఉందనుకున్నా, అక్కడ కట్టడం మంచిదేనా? ఈ రెండూ కలిపేయకుండా చెప్పండి.

పాతబస్టాండ్

హక్కు ఎందుకుండదండీ? మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలు చూడాల్సిన 18 పనుల పట్టిక ఉంది, పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులోవే. ఓట్లేసి గెలిపించిన కౌన్సిల్ ప్రతిదానికీ కాలనీ అసోసియేషన్ సంతకం కోసం తిరగాలంటే ఇక ఎన్నికలు దేనికి? టేబుల్ అజెండా పద్ధతి నాకూ నచ్చదు. కానీ మన ఊళ్లో రోడ్లు, కాలువలు, వీధిలైట్లు సగం అలా వచ్చినవే. అప్పుడు ఎవరూ నోరెత్తలేదు, ఇప్పుడు పార్కు దగ్గరకొచ్చేసరికి పద్ధతి గుర్తొచ్చింది.

సర్వే నంబరు

పాతబస్టాండ్ గారూ, పార్కులు చూసుకోమని అప్పజెప్పడం వేరు, పార్కును ఇంకోటిగా మార్చే అధికారం వేరు. లేఅవుట్ వేసేటప్పుడు యజమాని రోడ్లతో పాటు సాధారణంగా మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలం వదిలి, స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) రాసివ్వాలి. ఆ 10 శాతం ధర ఆయన తన జేబులోంచి పెట్టుకోడు. మిగతా ప్లాట్ల రేట్లో కలిపి కొన్నవాళ్ల దగ్గరే రాబట్టుకుంటాడు. అంటే ఆ స్థలానికి డబ్బు కట్టింది ప్లాట్లు కొన్నవాళ్లు, కాగితం మీద యజమాని మున్సిపాలిటీ, వాడకం మాత్రం ప్లానులో ఏం రాశారో అదే.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఉంది. బెంగళూరులో ఒక ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు ఉంచిన స్థలాన్ని, ముఖ్యమంత్రి స్థాయిలో వచ్చిన ఆదేశంతో, ఆసుపత్రి కట్టుకోమని ఒక మెడికల్ ట్రస్టుకు ఇచ్చారు. అక్కడి నివాసులు కోర్టుకెళ్లారు. ‘వీళ్లెవరు అడగడానికి’ అన్న వాదన కూడా వచ్చింది. 1991లో సుప్రీంకోర్టు నివాసులకు అడిగే హక్కుందని చెప్పి, ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రి కంటే కమ్యూనిటీ హాలు ఎక్కువ పుణ్యకార్యమేమీ కాదు కదా.

ముందు ఒక్కటి చూసుకోండి. పాత లేఅవుట్లలో చాలాచోట్ల గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయకుండానే వదిలేశారు. ముప్పై ఏళ్ల తర్వాత వారసులు దిగి పార్కునే ప్లాట్లుగా అమ్మేస్తారు. మీ డీడ్ ఉందో లేదో తెలియకుండా మీరూ కౌన్సిలూ కొట్టుకుంటే మధ్యలో మూడోవాడు పట్టుకుపోతాడు.

రేకుల షెడ్డు

నేను ఆ ‘పక్క వీధుల’ మనిషినే. వాళ్ల పార్కు సంగతి చెప్తాను వినండి. గేటుకు తాళం. పొద్దున వాకింగ్ అయ్యాక వేస్తారు, మళ్లీ సాయంత్రం తీస్తారు. తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ గారింట్లో ఫ్రిజ్ మీద ఉంటుంది. మా పిల్లలు బంతి పట్టుకెళ్తే వాచ్‌మన్ ‘లోపల ఆటలు లేవు’ అంటాడు. సిమెంటు బెంచీల వీపుల మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని పేర్లు. మధ్యాహ్నం ఎండకు కూలిపని నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆ వేపచెట్టు కింద కూర్చోవాలంటే గోడ దూకాలి.

మా వీధిలో పెళ్లయినా, పెద్దకర్మ అయినా రోడ్డుకు అడ్డంగా షామియానా వేయాల్సిందే. పోయిన వేసవిలో మా తోడికోడలి కూతురు ఓణీల ఫంక్షన్ రోజు గాలివాన వచ్చింది. వంటపాత్రలు ఎత్తి పక్కింటి వరండాలో పెట్టాం, ముప్పై మంది మగవాళ్లు కర్రలు పట్టుకుని షామియానా ఎగిరిపోకుండా ఆపారు. ప్రైవేటు ఫంక్షన్ హాలుకు ఒక పూటకు అడిగే అద్దె మా ఇంట్లో రెండు నెలల సంపాదన. మాకు హాలు కావాలనడం మీకు పార్కు మీద పగలా కనిపిస్తే నేనేం చెప్పను.

ఇంకోటి. మాది అనుమతి లేని లేఅవుట్. నిజమే, తెలియక కొన్నాం. ఇంటి ప్లానుకు వెళ్తే మీ లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. కట్టాం. పార్కు డబ్బు కట్టిన వీధికి పార్కు లేదు. వాళ్లకేమో పార్కూ ఉంది, తాళమూ ఉంది.

లెక్కల మాస్టారు

రేకుల షెడ్డు అమ్మా, మీ బాధలో అబద్ధం లేదు. కానీ ఈ హాలు మీదవుతుందన్న నమ్మకం నాకు లేదు. మున్సిపల్ కమ్యూనిటీ హాళ్లు చాలాచోట్ల ఏమయ్యాయో చూస్తూనే ఉన్నాం. మొదటి ఏడాది బీదలకు నామమాత్రపు అద్దె. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, మరుగుదొడ్ల మరమ్మతు భారమయ్యేసరికి లీజుకు వేలంపాట. పాట పాడినవాడు ఏసీ పెట్టి, పక్కన జనరేటర్ దింపి ప్రైవేటు హాలు రేటే అడుగుతాడు. అప్పుడు మీకు హాలూ లేదు, వాళ్లకు పార్కూ లేదు.

మిగతాది చెప్పనక్కర్లేదు. ఎంగిలి విస్తళ్లు, వాటి చుట్టూ కుక్కలు, అర్ధరాత్రి దాకా డీజే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 సంవత్సరం నుంచీ నిబంధన ఉంది, ఏ పెళ్లి ఊరేగింపు పాటించిందో చెప్పండి. తీర్మానంలో ఎస్టిమేట్ రాశారు సరే, ఏటా నిర్వహణ ఖర్చు ఏ పద్దు నుంచి అనే మాట ఉందా?

పుస్తకాల బీరువా

నాకు హాలు కంటే ఆ ‘పైన గ్రంథాలయం’ మీదే అనుమానం. ఇది హాలుకు తగిలించిన తోరణం. పేపరు చదవడానికి పొద్దున్నే వచ్చేది ఎవరు? రిటైరైనవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు. వాళ్లను మెట్లెక్కిస్తారట. కింద బాజాభజంత్రీలు, పైన గ్రూప్స్‌కు చదివే పిల్లలు! ఇక గ్రంథాలయాలు నడిపేది జిల్లా గ్రంథాలయ సంస్థ. వాళ్ల సిబ్బంది, వాళ్ల పుస్తకాలు లేకుండా మున్సిపాలిటీ కట్టేది గ్రంథాలయం కాదు, గది.

డబ్బు సంగతీ వినండి. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మున్సిపాలిటీలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ బకాయిల గొడవ రాష్ట్రమంతా ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగిన గడ్డ మీద ఇప్పుడు పుస్తకాలను ఫంక్షన్ హాలు నెత్తిన ఎక్కిస్తున్నారు. మన కౌన్సిల్ ఆ 8 పైసల బకాయి ఎంతుందో చెప్పి, అది జమ చేసి, తర్వాత గ్రంథాలయం మాట ఎత్తితే బాగుంటుంది.

పాతబస్టాండ్

సర్వే నంబరు గారూ, బెంగళూరు కేసులో స్థలం ఇచ్చింది ప్రైవేటు ట్రస్టుకు. ఇక్కడ కట్టేదీ, ఉంచుకునేదీ మున్సిపాలిటీయే. ఆ తేడా మింగేశారేం? అక్కడ పెద్దాయన ఒకరు ఆదేశిస్తే జరిగింది, ఇక్కడ కౌన్సిల్ కూర్చుని తీర్మానించింది. మాస్టారూ, లీజుకు ఇస్తారేమోనని హాలే వద్దంటే రేపు చెడిపోతుందని అంబులెన్స్ కూడా కొనకూడదు. ఆ పార్కుకు ఈశాన్యంలో గుడి కడదామని ఇదే అసోసియేషన్ ఇటుకలు దింపలేదా? బహిరంగ స్థలాల్లో కొత్తగా ప్రార్థనా మందిరాలు కట్టనీయొద్దని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అప్పుడు ‘పార్కు అంటే పార్కే’ అన్న గొంతు ఒక్కటీ వినలేదు.

సర్వే నంబరు

తేడా ఉంది, కాదనను. అయినా ఆ తీర్పులో తప్పుబట్టింది ప్రైవేటు అనే మాటొక్కటే కాదు. ప్లానులో మార్పుకు చట్టంలో ఒక దారి ఉన్నప్పుడు ఆ దారిన పోకుండా స్థలం మార్చడాన్ని. మన దగ్గర మాత్రం ఏ దారిన పోయారు? ప్రకటన లేదు, అభ్యంతరాలకు గడువు లేదు, టౌన్ ప్లానింగ్ నోట్ ఉన్నట్టు కనపడదు. ఎన్నికైన కౌన్సిల్ చేసింది కాబట్టి చెల్లుతుందనుకోవద్దు. చట్టానికి విరుద్ధమైన తీర్మానాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఇటుకల మాట నిజమే అయితే అదీ తప్పే. రెండు తప్పులు కలిసి ఒక హాలు అవదు.

కాలువగట్టు

ఇటుకలు నిజమే, తర్వాత తీసేశారు. తాళం సంగతి వచ్చే మీటింగ్‌లో నేనే పెడతాను, పగలంతా తీసి ఉంచడానికి నాకైతే అభ్యంతరం లేదు. సెక్రటరీ గారికి ఉంటుంది, అది వేరే కథ. హాలుకు ఇంకో చోటు చెప్తాను. మార్కెట్ పక్కన మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్స్ పై అంతస్తు కట్టినప్పటి నుంచీ ఖాళీ. వేలం పెట్టినా ఎవరూ రాలేదు. గోడలున్నాయి, కప్పుంది, లిఫ్టు ఒకటి పెడితే సరిపోతుంది. కొత్తగా కట్టే ఖర్చు కంటే చాలా తక్కువలో అయిపోతుంది.

రేకుల షెడ్డు

ఆ కాంప్లెక్స్ కింద చేపల మార్కెట్ ఉందని రాయలేదేం? నీసు వాసనలో పెళ్లిపందిరి వేయమంటారా? మీ అమ్మాయి పెళ్లి అక్కడ చేస్తారా చెప్పండి, చేస్తానంటే నేనూ సరే.

మాస్టారి మాట మాత్రం నన్ను ఆలోచనలో పెట్టింది. లీజుకు ఇవ్వబోమని, తెల్లకార్డు వాళ్లకు అద్దె ఇంతకు మించదని తీర్మానంలోనే రాయమనాలి. రాయనంటే ఆ హాలు మా కోసం కాదని అప్పుడే తేలిపోతుంది. సర్వే నంబరు గారూ, మేం కట్టిన 14 శాతం ఎటు పోయింది?

సర్వే నంబరు

అసలు ప్రశ్న అదేనమ్మా. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ కింద వచ్చే డబ్బు వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాంతం వసతులకే వాడాలని నిబంధన. మీ వీధుల్లో ఎన్ని ప్లాట్లకు కట్టించుకున్నారో లెక్క తీస్తే, ఆ డబ్బుతో మీ దగ్గరే స్థలం కొని హాలు కట్టమని అడగొచ్చు. అప్పుడు పార్కు జోలికి రావాల్సిన పనే ఉండదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీలో ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు, జవాబుకు 30 రోజులు. మంజూరైన లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్, 14 శాతం ఖాతా, మూడూ ఒకే దరఖాస్తులో అడిగేయండి.

రేకుల షెడ్డు

14 శాతం ఖాతా నేను అడుగుతాను, సోమవారం అర్జీలు తీసుకునే చోట కూడా ఇస్తాను. ప్లాను, గిఫ్ట్ డీడ్ కాలువగట్టు గారే అడగాలి. వాళ్ల పార్కు పత్రాలకు మా తెల్లకార్డు ఎందుకు?