పాత ర్యాలీ సైకిలు విప్పి మార్పులు చేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా మేనమామ తెనాలిలో తొక్కిన ర్యాలీ సైకిలు ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. నల్లది, రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, గేర్లు లేవు. ఏళ్ళ తరబడి వరండాలో ఉండిపోయి తుప్పు పట్టింది. పెడల్ తిప్పితే లోపల కటకటమంటోంది. నేనుండేది విశాఖలో, ఆఫీసు దారంతా ఎత్తుపల్లాలే. మొత్తం విప్పి శుభ్రం చేసి, సన్న టైర్ల అల్లాయ్ చక్రాలు, కేబుల్ బ్రేకులు వేసి, కొత్త రంగు కొట్టించాలని ఉంది. పానాలు, సుత్తి, గ్రైండరు ఉన్నాయి. క్రాంకు (పెడల్ తగిలించి ఉండే కడ్డీ) మాత్రం ఎంత లాగినా రావట్లేదు.

జవాబు:
ముందు గ్రైండరు లోపల పెట్టేయండి. పానాకీ సుత్తికీ లొంగనిది ఈ బండిలో దాదాపు ఏమీ లేదు. విప్పే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, ముఖ్యంగా రాడ్ బ్రేకు కీళ్ళ దగ్గర. ఏ రాడ్డు ఎంత లోపలికి దిగి ఉందో తర్వాత గుర్తుండదు.

క్రాంకు లాగితే రాదండీ. దాన్ని కాటర్ పిన్ను (క్రాంకుని ఇరుసుకి బిగించే మేకు లాంటి ఇనుప ముక్క) పట్టుకుని ఉంటుంది. ముందురోజు రాత్రే పిన్ను చుట్టూ కిరసనాయిలు పోసి వదిలేయండి. మర్నాడు నట్టును పూర్తిగా తీయకుండా, దాని పైఅంచు పిన్ను మరల (నట్టు బిగుసుకునే చుట్ల) చివరతో సమంగా వచ్చేదాకా వదులు చేయండి. అప్పుడు సుత్తి దెబ్బ తగిలినా మరలు పాడవవు. ఇక అసలు పని: పిన్ను తల దూరేంత ఇనుప గొట్టం ముక్క ఒకటి తెచ్చి, నేలకీ క్రాంకుకీ మధ్య నిలబెట్టండి. దెబ్బ బరువు గొట్టం మీదుగా నేలకి పోవాలి, లోపలి బేరింగుల మీద పడకూడదు. చిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను వంగుతుంది తప్ప కదలదు. బరువైన సుత్తితో నిటారుగా ఒక్కటి గట్టిగా వేయండి.

కొత్త పిన్నులు కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్ళండి. ర్యాలీకి పట్టేది 9.5 మి.మీ. పిన్ను, షాపులో 9 మి.మీ.వి కూడా ఉంటాయి, చూపుకి తేడా తెలియదు. బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. లేకపోతే రెండు పెడల్సూ ఒకే వరసలోకి రావు.

ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, విప్పడానికి కుడివైపు తిప్పాలి. క్రాంకు ఇరుసు కుడివైపు కప్పుదీ అదే పద్ధతి. అది బాగా ఉంటే ఊడదీయకుండా అక్కడే తుడిచి గ్రీజు పెట్టండి. గోళీలు ఏ వైపువి ఆ వైపు విడి డబ్బాల్లో వేసి లెక్క రాసుకోండి. ఇరుసుకి సాధారణంగా ఒక్కో పక్క పావు అంగుళం గోళీలు 11 ఉంటాయి. కొత్తవి వేస్తే అన్నీ కొత్తవే వేయండి, పాతవి కలపొద్దు. మీ కటకట చాలావరకు ఇక్కడే పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
పిన్ను వచ్చేసిందండీ, గొట్టం పెట్టగానే ఒక్క దెబ్బకి! చాలా థాంక్స్. మరి చక్రాల సంగతి?

జవాబు:
చక్రాలు మార్చొద్దనే చెప్తాను. టైరు కూర్చునే చోట మీ రిమ్ము వ్యాసం 635 మి.మీ., సన్న టైర్ల అల్లాయ్ రిమ్ముది 622. బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఆరున్నర మి.మీ. తేడా వస్తుంది. పైగా రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కల్ని కాదు, లోపలి వైపును పట్టుకుంటాయి, అల్లాయ్ రిమ్ముకి ఆ ఆకారమే ఉండదు. కేబుల్ బ్రేకు పెట్టాలంటే ఫోర్కుకి రంధ్రం వేయాల్సి రావచ్చు. ఒకసారి వేశాక దాన్ని వెనక్కి తీసుకోలేం. ఇంకో చిక్కు: ఈ బండ్లకి మామూలుగా ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు. ఇప్పుడొచ్చే రిమ్ములు ఎక్కువగా 32, 36 రంధ్రాలవి, మీ వెనక హబ్బుకి (చక్రం మధ్యలో స్పోకులు తగిలించే భాగానికి) సరిపడవు.

మీకు కావాల్సింది ఎత్తు ఎక్కడం. దానికి వెనక ఫ్రీవీలు (చైను తిప్పే వెనక పళ్ళ చక్రం) మారిస్తే చాలు. ముందు 48 పళ్ళు, వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టుకి బండి దాదాపు 6 మీటర్లు పోతుంది. వెనక 22 వేస్తే 4.9 మీటర్లు. దూరం తగ్గినంత మేర కాళ్ళ మీద భారం తగ్గుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పాతది తిరిగి వేసుకోవచ్చు. మీ పళ్ళు లెక్కపెట్టి చెప్పండి.

మరొకరు:
ఒక మాట కలుపుతాను. ఎప్పుడైనా స్పోకులు కోసి చక్రం కొత్తగా అల్లించాల్సి వస్తే, ఫ్రీవీలు ముందే ఊడదీయించండి. స్పోకులు పోయాక హబ్బుని పట్టుకునే దారుండదు.

రంగు గురించి తమ్ముడూ, దయచేసి తొందరపడకు. ఆ నలుపు మీద సన్న బంగారు గీతలు ఉంటాయి, కొంగ తల బొమ్మ బ్యాడ్జి ఉంటుంది. సబ్బునీళ్ళతో మెల్లగా కడిగి చూడు, నువ్వనుకున్న దానికంటే ఎక్కువే మిగిలి ఉంటుంది. ఎక్కడైనా గీకక తప్పకపోతే పొడిగా గీకొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి తడి ఉప్పుకాగితం వాడు, మాస్కు పెట్టుకో, పిల్లల్ని దూరంగా ఉంచు. క్రోమ్ భాగాలకి అల్యూమినియం ఫాయిలు ఉండచుట్టి నీళ్ళతో రుద్దితే చాలు. నట్లు, బోల్టులు నిమ్మ ఉప్పు నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, సోడా ఉప్పు నీళ్ళలో ముంచి, తుడిచిన వెంటనే నూనె రాయి. సముద్రం గాలికి మీ ఊళ్ళో తుప్పు తిరిగి పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

ప్రశ్న అడిగినవారు:
లెక్కపెట్టాను, 48, 18. గీతలు నిజంగానే బయటపడ్డాయి! రంగు ఆలోచన మానేశాను. 22 పళ్ళ ఫ్రీవీలు తెస్తే పాత చైను సరిపోతుందా?

జవాబు:
నాలుగు పళ్ళు పెరిగాయి కాబట్టి చక్రం ముందుకి అరంగుళం జరగాలి. అంత చోటు లేకపోతే చైనుకి ఒక జత లింకులు కలపండి. చైను బాగా సాగి ఉంటే మాత్రం కొత్తదే వేయండి, లేకపోతే కొత్త పళ్ళు త్వరగా అరిగిపోతాయి. వెనక చక్రం జరిగాక బ్రేకు రాడ్డు కూడా సర్దాలి, ఆ ఫొటోలు అప్పుడు పనికొస్తాయి. కాటర్ పిన్ను నట్లు వంద కిలోమీటర్లు తొక్కాక ఇంకోసారి బిగించండి. దిగుడులో వెళ్ళే ముందు బ్రేకు రబ్బర్లు నాలుగూ కొత్తవి వేసుకోండి. వానలో ఇనుప రిమ్ము సరిగ్గా ఆగదు, అక్కడ నెమ్మదిగానే దిగండి.